ఎనిమిది వారాల ఊరు

వేసవి సెలవులు రాగానే మన పిల్లలు అమ్మమ్మగారి ఊరికి ప్రయాణమవుతారు. మామిడితోపు, చెరువుగట్టు, ఆరుబయట నులకమంచాలు, పొద్దుపోయేదాక పెద్దలు చెప్పే కథలు, ఇవన్నీ బడిలో దొరకని చదువులు. మాట తీరు, పండుగ తీరు, బంధువుల వరుసలు, వంటింటి ఆచారాలు పిల్లవానికి ఎవరూ కూర్చోబెట్టి బోధించనక్కరలేదు. ఆ కొద్ది వారాలలో అవే వచ్చి చేరుతవి.

అయితే అమ్మమ్మగారి ఊళ్ళన్నిటినీ సముద్రానికి ఆవలి ఒడ్డున విడిచివచ్చిన జాతి ఒకటి ఉన్నది. కొంతకాలానికి ఆ ఊళ్ళు ఆవలి ఒడ్డున కూడ లేకుండ పోయినవి. ఆ జాతి పిల్లలు వేసవిలో ఎక్కడికి వెళ్ళవలె? ఈ ప్రశ్నకు అమెరికాలోని యూదులు తమకు తామై చెప్పుకొన్న సమాధానమే వేసవి శిబిరం. అది ఏటా జూన్ నెలాఖరున వెలసి, ఆగస్టులో మాయమయ్యే ఊరు. దానికి చరిత్ర ఉన్నది, ఆచారం ఉన్నది, సొంత భాష కూడ ఉన్నది. ఆ భాష కథ కొంచెం విషాదమైనది.

ఇరుకు గదుల నుండి సరస్సు ఒడ్డుకు

1881 మొదలు 1924 వరకు రష్యా సామ్రాజ్యం నుండి, ఆస్ట్రియా-హంగరీ నుండి, రుమేనియా నుండి ఇరువది లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. వారిలో చాలమంది న్యూయార్క్ నగరంలో లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో కిక్కిరిసి కాపురమున్నారు. వెలుతురు చొరని అద్దె గదులలో పగలు బట్టలు కుట్టేవారు, రాత్రి అక్కడనే పండుకొనేవారు. క్షయరోగం ఆ పేటకు ఇంటి చుట్టమైనది. ఎండాకాలం వచ్చినదంటే పిల్లలు మేడల కప్పుల మీద, ఇనుప మెట్ల మీద నిద్రించేవారు.

పిల్లలను అడవులకు, సరస్సులకు తీసుకొనిపోయి కొన్ని వారాలు గుడారాలలో ఉంచే పద్ధతిని యూదులు కనిపెట్టలేదు. కనెక్టికట్‌లో ఒక పాఠశాల వారు 1861లోనే ఈ పని చేశారు. పేద పిల్లలను నగరం నుండి పల్లెగాలికి పంపే ధర్మకార్యం న్యూయార్క్‌లో 1877లో ఆరంభమైనది. యూదులలో ముందుగా పనిపాటలు చేసుకొనే యువతుల కొరకు 1893లో ఒక విశ్రాంతి సంఘం ఏర్పడినది. 1902లో ఎడ్యుకేషనల్ అలయన్స్ అనే సంస్థ హడ్సన్ నది సమీపాన కోల్డ్ స్ప్రింగ్ అనే చోట సర్‌ప్రైజ్ లేక్ శిబిరాన్ని నెలకొల్పినది. అది నేటికీ నడుస్తున్నది.

ఆ శిబిరానికి తొలి దినాలలో వెళ్ళిన పేద బాలురలో ఒకడు తరువాత అమెరికా రంగస్థలాన్ని, రేడియోను ఏలిన హాస్యనటుడు ఎడ్డీ కాంటర్. తలిదండ్రులు పోగా అమ్మమ్మ పెంచిన పిల్లవాడు. పెద్దవాడై ధనికుడైన తరువాత కూడ అతడు ఆ సరస్సును మరువలేదు. తనవంటి పిల్లలు అక్కడికి పోగలిగేటందుకు సహాయపడినాడు. శిబిరంలోని నాటకశాలకు అతని పేరే ఉన్నది.

ఆనాటి దాతలు కోరినది ఒక్కటే. పిల్లల ఒంటికి నాలుగు సేర్ల బరువు పెరగవలె, వారి నాలుకకు అమెరికా మాట అలవడవలె. యూదత్వం నేర్పడం వారి ఉద్దేశం కాదు. ఇంట్లో అది కావలసినంత ఉన్నదని వారి నమ్మకం. యూదులకు ప్రవేశం లేని హోటళ్ళు, వేసవి విడుదులు అమెరికాలో ఆనాడు అనేకం. కనుక తమ పిల్లలకు తామే చోటు చూసుకొనడం ధనిక యూదులకు కూడ అవసరమైనది.

బడికి చాలనిది శిబిరానికి చాలునా?

ఇంట్లో ఉన్నదనుకొన్నది ఇంట్లో నిలువలేదు. ఒక తరం తిరగకముందే పిల్లలు ఇంగ్లీషులో కలలు కనసాగినారు. సాయంకాలపు మతపాఠశాలలో, ఆటకు పోవలసిన వేళ, అలసిన ఉపాధ్యాయుని ముందు వల్లించిన హీబ్రూ అక్షరాలు చెవికి ఎక్కినవే గాని హృదయానికి ఎక్కలేదు. ఈ సంగతి ముందు గుర్తించినవాడు సామ్సన్ బెండర్లీ. వైద్యం చదివి, దానిని విడిచి, విద్యాబోధకుడైన ఈయన 1910లో న్యూయార్క్‌లో యూద విద్యా కార్యాలయానికి అధిపతి అయినాడు. ఆయన శిష్యులలో ఆల్బర్ట్ స్కూల్మన్ ఒకరు.

1919లో స్కూల్మన్ నాయకత్వాన మొదలైన సెజ్విన్ శిబిరం ఈ చరిత్రలో మలుపు. పదినెలలు బడి చేయలేని పనిని రెండు నెలల సహజీవనం చేయగలదని ఆయన వాదం. పాఠం చెప్పవద్దు, బ్రతికించి చూపండి అన్నది ఆ వాదపు సారాంశం. ఆయనయు, మరి ఇద్దరు మిత్రులును కలిసి 1922లో మెయిన్ రాష్ట్రంలో మోడిన్ శిబిరాన్ని తెరిచారు. ప్రాచీన మక్కబీ వీరుల స్వగ్రామం పేరు దానికి పెట్టారు.

అదే కాలంలో మరొక వర్గం వేరొక దారి తొక్కినది. వారు శ్రామికులు, సామ్యవాదులు. దేవుని మీద కంటె తమ ఇంటిభాష యిద్దిష్ మీద భక్తి గలవారు. 1923లో వారిలో ఒక శాఖ కిండర్లాండ్‌ను, మరొక శాఖ బోయ్‌బెరిక్‌ను స్థాపించినవి. మహారచయిత షోలెమ్ అలైహెమ్ తన కథలలో సృష్టించిన వేసవి విడిది పేరు బోయ్‌బెరిక్. న్యూయార్క్ రాష్ట్రంలో రైన్‌బెక్ వద్ద వెలసిన ఆ శిబిరానికి లైబుష్ లేరర్ అనే పండితుడు దీర్ఘకాలం సారథ్యం వహించినాడు. వేసవి చివర అక్కడ జాతుల పండుగ జరిగేది. పిల్లలు నానాదేశాల వేషాలు ధరించి, ఆటపాటలతో ప్రపంచశాంతిని కోరేవారు.

1927లో సిల్వన్ సరస్సు ఒడ్డున కిండర్ రింగ్ అనే శిబిరం వెలసినది. ఎదుటి ఒడ్డున అప్పటికే కిండర్లాండ్ ఉన్నది. ఇరువురూ కార్మిక పక్షపాతులే, ఇరువురిదీ యిద్దిష్ భాషే. కాని ఒకరు రష్యా విప్లవాన్ని మెచ్చినవారు, మరొకరు మెచ్చనివారు. నడుమ నీరు కొద్దిదే, దూరం మాత్రం చాల ఎక్కువ. 1950 దశకంలో కమ్యూనిస్టు భయం అమెరికాను పట్టి కుదిపిననాడు న్యూయార్క్ శాసనసభ సంఘం కిండర్లాండ్ వంటి శిబిరాల మీద విచారణ సాగించినది. ఆ శిబిరం దానిని తట్టుకొన్నది. తరువాత స్థలం మారి మసాచుసెట్స్ చేరినది. అక్కడి కుటీరాలకు హారియెట్ టబ్‌మన్, ఆన్ ఫ్రాంక్ వంటివారి పేర్లు పెట్టారు.

బూడిద మీద కట్టిన కుటీరాలు

1941లో ష్లోమో షుల్‌సింగర్ అనే యువకుడు మస్సాద్ శిబిరాన్ని ఆరంభించినాడు. పేరుకు అర్థం పునాది. అక్కడ హీబ్రూ తప్ప మరొక మాట వినబడరాదు. బేస్‌బాల్ ఆట కూడ హీబ్రూలోనే ఆడవలె. చిక్కు ఏమనగా, ప్రవక్తల భాషలో బేస్‌బాల్‌కు మాటలు లేవు. కనుక మాటలు పుట్టించి, ఒక నిఘంటువునే అచ్చువేశారు. నవ్వు పుట్టించే సంగతే. కాని పందొమ్మిదవ శతాబ్ది చివరిదాక ఏ ఇంటనూ తల్లిభాషగా లేని హీబ్రూ, పిల్లల అరుపులలోకి దిగివచ్చినదంటే, ఆ నిఘంటువు వెనుక ఎంత పట్టుదల ఉన్నదో ఊహించవచ్చును. భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ కూడ యౌవనంలో కొంతకాలం మస్సాద్‌లో గడిపినవాడే.

మస్సాద్ పుట్టిన ఏటనే ఐరోపాలో సామూహిక సంహారం ఆరంభమైనది. 1945 నాటికి అరువది లక్షల మంది యూదులు హతులైనారు. వారిలో అత్యధికులు యిద్దిష్ మాటాడేవారు. పండితులను, గ్రంథాలను, గాయకులను, హాస్యాన్ని సముద్రం దాటించి పంపుతూ వచ్చిన ఊట ఒక్కసారిగా ఎండిపోయినది. అంతవరకు అమెరికా యూదులు తాము కొమ్మ అనుకొన్నారు. చూడగా వేరు తెగిపోయినది, కొమ్మయే చెట్టు కావలసి వచ్చినది.

యుద్ధానంతరం శిబిరాలు విరివిగా వెలసినది ఈ భయం వలననే. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రంలో కానోవర్ వద్ద తొలి రామా శిబిరం తెరిచారు. కన్సర్వేటివ్ శాఖకు చెందిన యూద మతవిద్యాపీఠం దానికి దన్ను. 1950లో పెన్సిల్వేనియాలో, 1953లో న్యూ ఇంగ్లండ్‌లో, 1956లో కాలిఫోర్నియాలో, 1960లో కెనడాలో దాని శాఖలు పుట్టినవి. రిఫార్మ్ శాఖవారు 1952లో విస్కాన్సిన్‌లోనే ఒకానమవాక్ అనే ఊరివద్ద తమ శిబిరాన్ని నెలకొల్పారు.

1959లో మరొకటి వచ్చినది, హెమ్‌షెఖ్. నాజీల బారినుండి ప్రాణాలతో బయటపడిన బుండ్ పక్షపు సామ్యవాదులు తమ పిల్లల కొరకు దానిని ఏర్పరిచారు. హెమ్‌షెఖ్ అనగా యిద్దిష్‌లో కొనసాగింపు. పిల్లలకు వేసవి వినోదం కల్పించే చోటికి ఇటువంటి పేరు పెట్టవలసి వచ్చిన తలిదండ్రుల మనసు ఎట్టిదో మనం అర్థం చేసుకొనవచ్చును. అక్కడ ఈతకొట్టిన పిల్లలే ప్రతి వేసవీ వార్సా ఘెట్టో మృతులకు సంస్మరణ జరిపేవారు.

ఊరిలో ఏమున్నవి?

ఇప్పుడు అటువంటి శిబిరంలోనికి పోయి చూతము. ఒక్కొక్క దానికి ఒక్కొక్క తీరు ఉన్నా, రూపురేఖలు ఇంచుమించు ఒకటే.

నడుమ సరస్సు. దాని చుట్టూ దేవదారు జాతి చెట్లు. చెట్ల నీడన వరుసగా కొయ్య కుటీరాలు. ఒక్కొక్క కుటీరంలో పదిమందికి అటూ ఇటూగా పిల్లలు, అంతస్తుల మంచాలు, తలుపుకు దోమతెర. వారితోనే నిద్రించే ఒకరిద్దరు యువ సంరక్షకులు. కళాశాల విద్యార్థులే ఆ పనికి వస్తారు. హీబ్రూ శిబిరాలలో వారిని మద్రిఖ్ అంటారు. దారి అనే మాట నుండి పుట్టిన పదమది, దారి చూపేవాడని అర్థం. నిన్నటి పిల్లలే నేటి సంరక్షకులు. ఊరికి వంశపరంపర ఈ విధంగా ఏర్పడుతుంది.

సరస్సులో ఈత, పడవలు. ఈతకు దిగే ప్రతి పిల్లవానికి ఒక జత ఉండవలె. ఈల మోగగానే జతలు చేతులు పట్టుకొని పైకెత్తుతారు, గట్టుమీదివారు లెక్క చూస్తారు. ఒక్క చేయి ఒంటరిగా లేచినా సరస్సంతా నిలిచిపోతుంది. ఆటస్థలాలు, చిత్రకళకు, కొయ్యపనికి పాకలు, నాటకశాల, గ్రంథాలయం, దాదులతో కూడిన వైద్యశాల ఉంటవి. 1955లో పోలియో టీకా రాకపూర్వం ప్రతి శిబిర నిర్వాహకునికీ వేసవి ఒక పీడకల. ఒక్క పిల్లవానికి జ్వరం తగిలినా గుండె జారిపోయేది.

భోజనశాల ఈ ఊరికి రచ్చబండ. మతనియమం పాటించే శిబిరాలలో పాలకు, మాంసానికి పొత్తు కూడదు. పాలవంటలకు వేరు పాత్రలు, మాంసం వంటలకు వేరు పాత్రలు. గరిటెలు, కంచాలు, కడిగే తొట్లు కూడ వేరే. మడికట్టు తెలిసిన మన ఇండ్లకు ఇది వింత కాదు. భోజనానంతరం చెప్పవలసిన కృతజ్ఞతా ప్రార్థనను పిల్లలు బల్లలు చరుస్తూ, కేకలతో పాడుతారు. ప్రార్థనకు ఇంత సందడి తగునా అని పెద్దలు మొదట నొచ్చుకొన్నారు. ఇప్పుడు ఆ పెద్దలుగా ఉన్నవారు ఒకనాడు బల్లలు చరిచినవారే.

శుక్రవారం సాయంకాలం ఊరి రూపే మారుతుంది. ఆటలు ఆగుతవి. అందరూ స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకొంటారు. సరస్సుకు ఎదురుగా మెట్లమెట్లుగా వేసిన బల్లల మీద కూర్చొని, నీటిపై పొద్దు వాలుతుండగా విశ్రాంతిదినమైన షబ్బాత్‌ను ఆహ్వానిస్తారు. అక్కడ గోపురం లేదు, కప్పు లేదు. శనివారం రాత్రి మూడు చుక్కలు పొడిచిన తరువాత జడవలె అల్లిన దీపం వెలిగించి, సుగంధద్రవ్యాలు వాసన చూసి, ఆ దీపాన్ని ద్రాక్షరసంలో ముంచి ఆర్పుతారు. దాని పేరు హవ్‌దాలా, అనగా పండుగ దినాన్ని పనిదినం నుండి వేరుచేయడం. ఈనాడు అమెరికాలోని అనేక మందిరాలలో ఆ వేళ పాడే బాణీ డెబ్బీ ఫ్రీడ్‌మన్ కట్టినది. గిటారు చేతబట్టి శిబిరాలలో పిల్లలచేత పాడించిన గాయని ఆమె. 2011లో మరణించినది. మందిరం నుండి శిబిరానికి రావలసిన పాట శిబిరం నుండి మందిరానికి పోయినది.

మాట నిలిచినదా?

ఇంత శ్రమకు ఫలితమేమి? ఈ ప్రశ్నను ఆ సమాజమే మాటిమాటికి వేసుకొన్నది.

బోయ్‌బెరిక్ 1979లో మూతపడినది. ఆ స్థలంలో ఇప్పుడు యోగము, ధ్యానము మొదలైనవి నేర్పే వేరొక సంస్థ ఉన్నది. హెమ్‌షెఖ్ కూడ ఇంచుమించు అదే కాలంలో ముగిసినది. మస్సాద్ 1981 తరువాత లేదు. ఈ మూడింటికీ భాషయే ప్రాణం. ఆ భాష రాగల సంరక్షకులు, ఆ భాషను కోరే తలిదండ్రులు ఏటేటా తగ్గిపోయినారు. ఎనిమిది వారాలు మాటాడిన భాషను తక్కిన నలుబది నాలుగు వారాలు మాటాడడానికి ఇంట్లో ఎవరున్నారు?

నేటికీ నిలిచిన శిబిరాలలో హీబ్రూ ఉన్నది గాని వాక్యాలుగా లేదు, మాటలుగా ఉన్నది. భోజనశాలను ఖదర్ ఓఖెల్ అంటారు, సరస్సును అగమ్ అంటారు, తక్కిన వాక్యమంతా ఇంగ్లీషే. దీనిని ముగ్గురు పండితులు పరిశీలించి 2020లో ఒక గ్రంథమే వ్రాశారు. మాటాడగల శక్తి కలుగకపోయినా, ఇది మన మాట అనే మమకారం కలుగుతున్నదని వారు గుర్తించిన సంగతి. దీనిని ఓటమి అనవలెనా? మస్సాద్ స్థాపకులు అనేవారేమో. కాని భాష మీద ప్రేమ అసలే లేనివానికంటె, నాలుగు మాటలను నలుబది ఏండ్లు దాచుకొన్నవాడు ఆ భాషకు దగ్గరివాడు కాడా? ఈ వ్యాసకర్తకు ఈ విషయంలో రెండు మనసులు. నాలుగు మాటలతో పద్యం చదువలేము, పెద్దల ఉత్తరం చదువలేము. అయినను, నాలుగు మాటలు ఉన్నచోట అయిదవ మాటకు ఆశ ఉంటుంది.

శిబిరాలకు తక్కిన లోపాలు కూడ లేకపోలేదు. చాల శిబిరాలు అమెరికా ఆదిమజాతుల పేర్లను, వేషాలను, నెగడు చుట్టు ఆచారాలను ఆ జాతులను అడగకుండ వాడుకొన్నవి. దానిని గురించిన ఆత్మవిమర్శ ఇటీవలిది. రుసుము వేల డాలర్లు. పేద పిల్లల కొరకు పుట్టిన వ్యవస్థ మధ్యతరగతికే భారమైనది. 1998లో ఏర్పడిన యూద శిబిరాల ఫౌండేషన్, మొదటిసారి వచ్చే పిల్లలకు వేయి డాలర్ల వరకు సహాయం అందే ఏర్పాటు చేసినది. ఉత్తర అమెరికాలో ఇటువంటి రాత్రినివాస శిబిరాలు 150కి పైగా ఉన్నవి.

తలుపు ఎవరికి తెరవవలె అన్నది మరొక పరీక్ష. 1970లో హర్బర్ట్, బార్బరా గ్రీన్‌బర్గ్ దంపతులు మానసిక వికాసంలో వెనుకబడిన పిల్లలను కూడ శిబిరంలో చేర్చుకొనవలెనని ప్రతిపాదించినప్పుడు, తక్కిన పిల్లల చదువు చెడుననీ, తలిదండ్రులు ఒప్పుకొనరనీ అభ్యంతరాలు లేచినవి. ఒక్క రామా శిబిరం సాహసించినది. ఆ కార్యక్రమానికి తిక్వా అని పేరు పెట్టారు, అనగా ఆశ. ఎవరూ భయపడినట్లు జరుగలేదు. ఈనాడు రామా శిబిరాలన్నిటిలోనూ అట్టి పిల్లలకు చోటున్నది.

ఆవలి ఒడ్డుకు తిరిగి

చివరకు ఈ కథ మొదలైన ఒడ్డుకే తిరిగి పోయినది. 1990లో, కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన మరుసటి సంవత్సరం, హంగరీలో సర్వాష్ అనే ఊరివద్ద కోరోష్ నది ఒడ్డున ఒక శిబిరం తెరిచారు. అమెరికా యూదుల సహాయ సంస్థ జాయింట్, లాడర్ ఫౌండేషన్ దానిని నెలకొల్పినవి. తూర్పు ఐరోపాలో రెండు తరాలపాటు తాము యూదులమని పిల్లలకు చెప్పడానికే భయపడిన కుటుంబాలున్నవి. ఆ ఇండ్ల పిల్లలు సర్వాష్‌కు వచ్చి, మొదటిసారి శుక్రవారపు దీపం వెలిగించడం నేర్చుకొని, ఇంటికి పోయి తమ తలిదండ్రులకు నేర్పినారు. అమ్మమ్మ మనుమరాలికి చెప్పవలసిన దానిని మనుమరాలు అమ్మమ్మకు గుర్తుచేసినది.

2018 నవంబరులో కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేగి, మాలిబు కొండలలో 1952 నుండి ఉన్న హెస్ క్రేమర్ శిబిరాన్ని చాలవరకు దహించినది. మరుసటి వేసవిలో అదే పిల్లలను వేరొకచోట చేర్చి శిబిరం నడిపారు. 2020లో మహమ్మారి వలన శిబిరాలలో చాలభాగం తెరవనేలేదు. మరుసటి ఏడు మళ్ళీ తెరిచారు.

ఆగస్టు వచ్చినది. ఆఖరి రాత్రి నెగడు చుట్టూ చేరి పాడుతారు, ఏడుస్తారు. తెల్లవారగానే బస్సులు వస్తవి. పరుపులు చుట్టి, పడవలు బోర్లించి, కుటీరాలకు తాళాలు వేస్తారు. సాయంకాలానికి సరస్సు ఒడ్డున అలికిడి ఉండదు. బస్సులో కూర్చున్న పిల్లవాడు మాత్రం వచ్చే వేసవికి ఎన్ని వారాలున్నవో వ్రేళ్ళమీద లెక్క వేసుకొంటూ ఉంటాడు. మన పిల్లలు అమ్మమ్మగారి ఊరి బండి కదలినప్పుడు చేసే పని కూడ అదే కదా.